బరంపురం నుంచి కలకత్తాకు: తక్కువ ఖర్చుతో మూడు రోజుల యాత్ర

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి, బరంపురం తెలుగువారిలో పాత తరానికి పట్నమంటే మద్రాసే. రైలు దూరం లెక్కవేస్తే మాత్రం మద్రాసు వెయ్యి కిలోమీటర్లు దాటుతుంది, కలకత్తా సుమారు 600 కిలోమీటర్లు. ఒక్క రాత్రి ప్రయాణంతో చేరగలిగిన ఆ మహానగరాన్ని పిల్లలకు చూపించాలని ఎన్నో ఇళ్లలో అనుకుంటారు, ఖర్చుకు జంకి ఏటికేడు వాయిదా వేస్తుంటారు. ఆ సంకోచం అక్కర లేదని నా నమ్మకం. కలకత్తాలో చూడదగినవాటికి ప్రవేశ రుసుము తక్కువ, నగరంలో తిరగడానికయ్యే ఖర్చు ఇంకా తక్కువ. డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా వారాలు చూసుకోకుండా బయలుదేరినప్పుడు, ఒకే రోజున నగరానికి ఆ చివర, ఈ చివర పెట్టుకున్నప్పుడు.

కాబట్టి అన్నిటికంటే ముందు వారం సంగతి తేల్చుకోవాలి. మనవాళ్లలో చాలామంది శనివారం రాత్రి బండి ఎక్కి, ఆదివారం రద్దీలో తిరిగి, సోమవారం మ్యూజియాలు చూద్దామనుకుంటారు. ఇండియన్ మ్యూజియం, విక్టోరియా మెమోరియల్ లోపలి గ్యాలరీలు, జొరాసాంకోలోని ఠాగూర్ల ఇల్లు, ఈ మూడూ సోమవారమే మూసి ఉంటాయి. అలీపూర్ జంతు ప్రదర్శనశాలకు సెలవు గురువారం. అందువల్ల గురువారం రాత్రి బయలుదేరి, శుక్ర, శని, ఆదివారాలు నగరంలో గడిపి, ఆదివారం రాత్రి బండిలో తిరిగి రావడం అన్ని విధాలా మేలు. రెండు రాత్రులు రైల్లోనే గడుస్తాయి కనుక గది అద్దె రెండు రాత్రులకే కట్టవలసి వస్తుంది, ఉద్యోగులకు శుక్రవారం ఒక్కరోజు సెలవుతో పని జరుగుతుంది, పిల్లలకు బడి పెద్దగా పోదు.

నెలల విషయానికి వస్తే నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. దుర్గాపూజల రోజుల్లో నగరాన్ని చూడటం గొప్ప అనుభవమే, 2021లో యునెస్కో ఆ ఉత్సవానికి గుర్తింపునిచ్చింది కూడా. అయితే అప్పుడు గదుల అద్దెలు పెరుగుతాయి, దారులు జనంతో నిండిపోతాయి. పరిమిత ఖర్చుతో మొదటిసారి వెళ్లేవారు, ముఖ్యంగా ముసలివారిని వెంట తీసుకువెళ్లేవారు, ఆ రోజులను వదులుకోవడమే మంచిది.

2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతోంది. తేదీ ఖాయం కాగానే రానుపోను టిక్కెట్లు రెండూ ఒకేసారి తీసుకోవాలి, ఎందుకంటే తిరుగు టిక్కెట్టు దొరక్క తత్కాల్‌కు అదనంగా చెల్లించడమంటే ఒక పూట గది అద్దె పోగొట్టుకున్నట్టే. 5 ఏళ్లు నిండి 12 ఏళ్లు నిండని పిల్లలకు వేరే బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ పడుతుంది, పెద్దల పక్కన సర్దుకుంటే సగమే. ఒక్క రాత్రి ప్రయాణమే కాబట్టి చిన్నపిల్లల విషయంలో రెండోదే చాలు. మరొక ముఖ్యమైన జాగ్రత్త తేదీ గురించి. కోరమాండల్ వంటి బండ్లు బరంపురానికి రాత్రి పొద్దుపోయాక వస్తాయి, అర్ధరాత్రి 12 దాటాక వచ్చేవీ ఉన్నాయి, అటువంటి బండికి టిక్కెట్టు మీద మరుసటి రోజు తేదీ ఉండాలి. మా ఇంట్లో ఒకసారి ఈ లెక్క తప్పి, తల్లీ పిల్లలూ స్టేషనుకు వెళ్లేసరికి ఆ తేదీ బండి ముందురోజు రాత్రే వెళ్లిపోయిందని తెలిసింది. అప్పటి నుంచి టిక్కెట్టు చేతికి రాగానే తేదీని, వేళను ఇద్దరం విడివిడిగా చదివి చూసుకుంటున్నాము.

బండి ఏ స్టేషనుకు చేరుతుందో కూడా చూసుకోవాలి. చెన్నై మెయిల్, ఫలక్‌నుమా హౌరాకు వెళ్తాయి, కోరమాండల్ మాత్రం షాలిమార్‌లో ఆగిపోతుంది. షాలిమార్‌లో మెట్రో లేదు కాబట్టి అక్కడి నుంచి బస్సుకో ట్యాక్సీకో కొంత ఖర్చు వేసుకోవాలి. రాత్రి బండి అదే అనుకూలమైతే ఆ కాస్త ఖర్చుకు వెనుకాడనవసరం లేదు. పర్లాకిమిడి వైపువారు బరంపురం రాకుండా పలాసలో ఎక్కగలిగే బండ్లు చూసుకుంటే దారి తగ్గుతుంది.

గది ఎక్కడ తీసుకోవాలన్నది ఈ యాత్రలో అతి ముఖ్యమైన నిర్ణయం. ఊరికి దూరంగా చవక గది తీసుకుని రోజూ ట్యాక్సీలకు పోయడం కంటే, ఎస్ప్లనేడ్, చాందినీ చౌక్ మెట్రో స్టేషన్ల పరిసరాల్లోనో, ఇండియన్ మ్యూజియం పక్కనున్న సదర్ స్ట్రీట్‌లోనో సాదా లాడ్జిలో దిగడం లాభం. ఎస్ప్లనేడ్‌లో ఉత్తర దక్షిణాలుగా సాగే పాత మెట్రో, హౌరా నుంచి వచ్చే కొత్త మెట్రో కలుస్తాయి. డబ్బు కట్టకముందే గది చూడాలి, 24 గంటల లెక్కా లేక పొద్దుటే ఖాళీ చేయాలా అన్నది అడగాలి, పెద్దలందరి గుర్తింపు కార్డులు వెంట ఉంచుకోవాలి. బరంపురంవారికి ఒడియా వచ్చి ఉంటుంది కనుక బెంగాలీ మాట సగానికి పైగా అర్థమవుతుంది. మనకున్న ఈ సౌలభ్యం బేరాల దగ్గర చాలా పనికివస్తుంది.

శుక్రవారం ప్రయాణపు అలసట ఉంటుంది కాబట్టి గదికి దగ్గర్లోనే తిరగాలి. 1814లో స్థాపించిన ఇండియన్ మ్యూజియం మన దేశంలో అన్నిటికంటే పాతది. అంతా చూడాలని పూనుకుంటే కాళ్లు, మనసు రెండూ అలసిపోతాయి. పిల్లలుంటే అస్థిపంజరాల శాల, ఈజిప్టు మమ్మీ, పెద్దలకైతే భర్హుత్ బౌద్ధ స్తూపపు రాతి కటకటాలు చాలు. సాయంత్రం మైదానం మీదుగా 1921లో తెరిచిన విక్టోరియా మెమోరియల్‌కు వెళ్లాలి. గ్యాలరీల వేళ అయిపోయినా తోటలో కూర్చుని చూడటమే తృప్తినిస్తుంది.

శనివారం పెందలాడే లేవాలి, ఎందుకంటే ఆ రోజు చూసే దక్షిణేశ్వరం, రామకృష్ణ మఠానికి కేంద్రమైన బేలూరు మఠం రెండూ మధ్యాహ్నం మూసి మళ్లీ సాయంత్రం తెరుస్తారు. 2021 నుంచి మెట్రో నేరుగా దక్షిణేశ్వరం దాకా వెళ్తోంది. 1855లో రాణి రాస్మణి కట్టించిన కాళికాలయంలోకి ఫోన్లు తీసుకువెళ్లనివ్వరు, బయట అప్పగించాలి. దర్శనం చేసుకుని ఘాట్ దగ్గర పడవ ఎక్కి గంగ మీద బేలూరు చేరుకోవడం, నా దృష్టిలో, ఈ మూడు రోజుల్లోకెల్లా మంచి గంట. 1938లో ప్రతిష్ఠించిన బేలూరు ఆలయంలో కాసేపు మౌనంగా కూర్చుని, బస్సులో హౌరాకు వచ్చి, అక్కడ మెట్రో ఎక్కాలి. 2024 మార్చిలో మొదలైన ఈ దారి గంగ అడుగున సుమారు అర కిలోమీటరు సొరంగంలో సాగుతుంది. నది కింద దాటేది ఒక నిమిషం లోపే కనుక పిల్లలకు ముందుగానే చెప్పి ఉంచాలి. ఎస్ప్లనేడ్‌లో మారి గిరీశ్ పార్కులో దిగితే రవీంద్రుడు 1861లో పుట్టి 1941లో కన్నుమూసిన జొరాసాంకో ఇల్లు దగ్గరే. ఓపిక ఉంటే కాలేజీ స్ట్రీట్ పాత పుస్తకాల కొట్లకు నడిచి వెళ్లవచ్చు. ఆదివారం ఆ కొట్లు చాలావరకు తెరవరు.

ఆదివారం పొద్దున మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి నడక పెట్టుకోవాలి. కార్యాలయాలకు సెలవు కావడంతో, పాత ప్రభుత్వ భవనాలున్న బి.బి.డి. బాగ్ వీధులు నిశ్శబ్దంగా ఉంటాయి. పాత సచివాలయమైన రైటర్స్ బిల్డింగ్, 1868 నాటి పెద్ద తపాలా కార్యాలయం గోపురం, ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి ఉన్న సెయింట్ జాన్స్ చర్చి నెమ్మదిగా చూడవచ్చు. మధ్యాహ్నం న్యూ మార్కెట్ చుట్టుపక్కల చిన్న కొనుగోళ్లు చేసుకోవచ్చు, అడిగిన ధరకు మాత్రం కొనకూడదు.

భోజనం సంగతి ఎక్కువ చెప్పనవసరం లేదు. పొద్దున కచోరీ, ఆలూ కూర, మధ్యాహ్నం పప్పు, అన్నం, చేపల పులుసుతో సాదా హోటలు భోజనం కడుపు నింపుతాయి, జేబుకు భారం కావు. ఇడ్లీ, సాంబారు లేనిదే గడవని పెద్దలుంటే కాళీఘాట్ మెట్రోకు దగ్గర్లోని లేక్ మార్కెట్ వైపు దక్షిణాది హోటళ్లున్నాయి. రసగుల్లా రుచి చూడకుండా ఎవరూ రారు. బెంగాల్‌కు 2017లో, ఒడిశాకు 2019లో వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు వచ్చిన మిఠాయి అది, రెండింటి రుచి భేదం బరంపురంవారికి కొరికిన వెంటనే తెలుస్తుంది.

చివరి సాయంత్రం చీకటి పడకముందే బాబూఘాట్‌లో లాంచీ ఎక్కితే హౌరా స్టేషను ఎదుటే దించుతుంది. 1943లో తెరిచిన హౌరా వంతెన నీటి మీద నుంచి చూసినప్పుడే దాని అసలు ఎత్తు తెలుస్తుంది. సామాను క్లోక్ రూమ్‌లో పెట్టాలంటే సంచులకు తాళాలుండాలి. చెన్నై మెయిల్ బాగా పొద్దుపోయాక బయలుదేరుతుంది కనుక రాత్రి భోజనం బయటే ముగించుకుని, మన వైపు బండ్లు ఆగే కొత్త కాంప్లెక్సుకు తీరిగ్గా నడిచి వెళ్లవచ్చు. పొద్దున్నే చిల్కా సరస్సు కిటికీ పక్కన కనబడుతుంది, అప్పటికి సామాను దించుకుని పెట్టుకుంటే బరంపురంలో తొందర ఉండదు.