మెస్‌లో, పీజీలో జీతం తొక్కిపెడితే: బెంగళూరులో ఏం చేయాలి

మారతహళ్లి, బీటీఎం వైపు మనవాళ్లు ఇంటిల్లిపాదీ కలిసి నడిపే మెస్‌లు, పీజీల్లో వంట మాస్టరుకో సప్లయర్‌కో అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వరు. ‘ఇంట్లో మనిషివి, కాగితాలెందుకు’ అంటారు. గొడవొచ్చిన రోజున మాత్రం, ‘వీడెవడో మాకు తెలీదు’ అనేస్తారు. అందుకే నిలదీయకముందే ఆధారాలు పోగేసుకోండి.

ముందు ఓనర్ ఎవరో తేల్చుకోవాలి. పని అన్న చెబుతాడు, జీతం మామ ఇస్తాడు, లైసెన్సు ఇంకెవరి పేరునో ఉంటుంది. గోడకు పెట్టిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత) లైసెన్సుకు ఫొటో తీయండి. బిల్లు మీద జీఎస్టీ నంబరుంటే జీఎస్టీ పోర్టల్‌లో వెతకండి, అసలు పేరు తెలుస్తుంది.

డ్యూటీ ఎక్కగానే, దిగగానే ఇంటివాళ్లకు వాట్సాప్‌లో ఒక ముక్క పెట్టండి. టైము దానంతటదే పడుతుంది. నెలాఖరున కూర్చుని నోట్‌బుక్‌లో ఒకేసారి రాసింది ఎవరూ నమ్మరు. జీతం చేతికిస్తే ఆ రోజే ఓనర్‌కు పంపండి: ‘అన్నా, ఈ నెల జీతంలో 8,000 ముట్టింది, ఇంకా 7,600 రావాలి.’

వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కట్టాలి. ఉదాహరణకు జీతం 15,600 అయితే, 26 రోజులకు రోజుకు 600, ఎనిమిది గంటల లెక్కన గంటకు 75. రెస్టు పోను రోజుకు 12 గంటల చొప్పున ఆరు రోజులు చేస్తే 72 గంటలు. అదనం 24 గంటలు, గంటకు 150 చొప్పున వారానికి 3,600. ఈ లెక్క ఫిర్యాదుకు జతచేయండి. ‘చాలా పని చేయించుకున్నారు’ అన్న ఒక్క మాటతో కార్మిక శాఖ అధికారి ఏమీ రాబట్టలేరు.

అడ్వాన్స్ తీరేదాకా కదలనివ్వకపోతే అది వెట్టిచాకిరీ, 1976 నుంచీ నేరం. లెక్కల కోసం ఆగకండి, 112కు ఫోన్ చేయండి. పనిచేసే ఆడవాళ్లను ఓనరే లైంగికంగా వేధిస్తే, లేదా వేధింపు జరిగిన చోట పనివాళ్లు పదిమంది లోపే ఉంటే, ఇలాంటి ఫిర్యాదులు తీసుకునే జిల్లా స్థానిక కమిటీకి అది జరిగిన మూడు నెలల్లోపు రాసివ్వాలి. ఆ గడువు చాలామందికి తెలియకుండానే దాటిపోతోంది.

జీతం గొడవకు బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక శాఖ ఆఫీసు, కార్మిక భవన్‌కు వెళ్లండి, లేదా ఆ శాఖ హెల్ప్‌లైన్ 155214కు ఫోన్ చేయండి. ఫిర్యాదు కన్నడలో రాయిస్తే పని తేలికవుతుంది. రెండు కాపీలు తీసుకెళ్లి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఉచిత లాయరు కోసం 15100కు ఫోన్ చేయండి.

ఓనర్‌కు నోటీసు అందగానే మీకు ఊరి నుంచి పెద్దమనుషుల ఫోన్లు మొదలవుతాయి. రాజీకి ఒప్పుకున్నా సరే, డబ్బు బ్యాంకు ఖాతాలో పడ్డాకే సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద మాత్రం పెట్టనే వద్దు.