గ్రూపు టాక్ ప్రపోజల్ పంపుతున్నారా? పేరు పెట్టే ముందు మనిషిని అడగండి

పోయిన నెల గుంటూరు బ్రాడీపేటలో టీ తాగుతుంటే ఫోన్‌కి మెయిల్ వచ్చింది. తెలుగు కీబోర్డుల మీద మా నలుగురి పేర్లతో పంపిన టాక్ ఒక ఫ్రీ (స్వేచ్ఛా) సాఫ్ట్‌వేర్ కాన్ఫరెన్స్‌కి సెలెక్ట్ అయింది. ఆ నలుగురిలో ఒక అమ్మాయి అప్పుడు నా పక్కనే ఉంది. సంతోషంగా ఫోన్ తన చేతికిచ్చాను. తన పేరు రెండుసార్లు చదువుకుని, "అన్నా, ఇందులో నా పేరు ఎప్పుడు పెట్టారు?" అని అడిగింది. టాక్ రోజునే తనకి ల్యాబ్ ఎక్స్‌టర్నల్. మరొకతను హైదరాబాద్‌లో కొత్త ఉద్యోగంలో చేరి పది రోజులే అయింది, సెలవు అడిగే పరిస్థితి లేదు. డెమో చేయాల్సింది తనేనన్న సంగతి మూడో అతనికి తెలియనే తెలియదు. వారం తిరక్కుండా టాక్ వెనక్కి తీసుకున్నాం. పేర్లు పెట్టింది నేనే, తప్పు కూడా నాదే.

విజయవాడ, గుంటూరు గ్రూపుల్లో ఇలాగే చేజారిన టాక్‌లు ఇంకొన్ని చూశాను. ప్రతిసారీ కారణం ఇదే. అందుకే ఈ సీజన్‌లో ఫారాలు నింపబోయే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. టాపిక్ ఎలా ఎంచుకోవాలి, సారాంశం ఎలా రాయాలి అన్నవి మీకు తెలుసు, వాటి జోలికి పోను.

పేర్ల సంగతి

వాట్సాప్ గ్రూపులో "టాక్ పంపుదామా?" అని అడిగితే నలుగురు బొటనవేలు గుర్తు పెడతారు. అది ఒప్పుకోవడం కాదు. ఆలోచన బాగుందని మాత్రమే చెప్పారు. వస్తానని, నిలబడి మాట్లాడతానని ఎవరూ చెప్పలేదు. మనం మాత్రం మాట ఇచ్చేశారనుకుని నాలుగు పేర్లూ ఎక్కించేస్తాం.

ఫోన్ చేయండి. ఒక్కొక్కరికీ విడిగా చేయండి. గ్రూపు కాల్‌లో మొహమాటానికి "సరే అన్నా" అనేస్తారు, విడిగా అడిగితే అసలు ఇబ్బంది బయటపడుతుంది. తేదీలు చెప్పి, ఆ రోజుల్లో పరీక్షలు, ఇంట్లో పెళ్లిళ్లు, ఆఫీసులో రిలీజ్ ఏమైనా ఉన్నాయా అని అడగండి. ఏ భాగం తను చెప్పాలో, ఎన్ని నిమిషాలో చెప్పండి. ఖర్చు ఎవరిదో దాచకుండా చెప్పండి. బయట మాట్లాడటానికి కంపెనీ అనుమతి అవసరమైన ఉద్యోగమైతే అది ముందే తెచ్చుకోమనండి.

వీడియో సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. బ్రస్సెల్స్‌లో జరిగే ఫోస్‌డెమ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ కాన్ఫరెన్స్ లాంటి చోట్ల టాక్‌లు లైవ్‌లో వెళతాయి, రికార్డింగులు ఎవరైనా తిరిగి వాడుకునే లైసెన్స్ కింద బయటికి వస్తాయి. తన ముఖం, గొంతు ఇంటర్నెట్‌లో ఉండిపోవడం ఇష్టం లేని వాళ్లు ఉంటారు. అది వాళ్ల హక్కు. పేరు పెట్టాక అడిగితే కాదనలేక ఒప్పుకుంటారు, కాబట్టి పెట్టకముందే అడగండి.

టాక్ ప్రపోజల్స్ తీసుకునే ప్రీటాక్స్ (pretalx) లాంటి వ్యవస్థల్లో తోటి స్పీకర్ల మెయిల్ ఐడీ ఇస్తే వాళ్లకి ఆహ్వానం వెళుతుంది. అది స్పామ్‌లో పడి ఉంటుంది. తెరిచి ఒప్పుకునే దాకా ఫోన్ పెట్టేయకండి.

గడువులు, ప్రయాణం

ఫోస్‌డెమ్ ఏటా జనవరి చివర్లో గానీ ఫిబ్రవరి మొదట్లో గానీ ఉంటుంది. అక్కడ ఒక్కో డెవ్‌రూమ్‌కి, అంటే ఒక్కో అంశానికి కేటాయించిన గదికి, నిర్వాహకులు వేరు, గడువు వేరు. మీ టాపిక్ ఏ గదికి సరిపోతుందో చూసి ఆ గడువే పట్టుకోండి. బ్రస్సెల్స్‌లో చలికాలం రాత్రి 11:59 అంటే మనకి మర్నాడు తెల్లవారుజామున 4:29. "ఎనీవేర్ ఆన్ ఎర్త్" (భూమ్మీద ఎక్కడైనా ఆ తేదీ ఇంకా ముగియనంత వరకు) అని రాసుంటే మర్నాడు సాయంత్రం 5:29. మన టైమ్‌లోకి మార్చి గ్రూపులో పిన్ చేయండి.

ప్రవేశం ఉచితమే కానీ విమానం, గది, వీసా ఖర్చులు ఉంటాయి. అక్కడికి వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, ఒక్కోసారి 45 రోజుల దాకా పట్టవచ్చు. తిరుగు ప్రయాణం తేదీ తర్వాత కనీసం మూడు నెలలు పాస్‌పోర్టు చెల్లాలి. పాస్‌పోర్టే లేని కుర్రాడి పేరు పెట్టి, సెలెక్ట్ అయ్యాక పరుగులు పెట్టించడం అన్యాయం. ఇదీ పేరు పెట్టే ముందు ఫోన్‌లో అడగాల్సిన మాటే.

కాన్ఫరెన్స్ బెంగళూరులో అయితే రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. సంక్రాంతి దగ్గరైతే ఆ ఉదయమే బుక్ చేయండి.

ఇక మిగతావి వరసగా:

- ఫారం ఒక్కరే నింపాలి, పాస్‌వర్డ్ మాత్రం ఇద్దరి దగ్గర ఉండాలి. నింపినవాడికి జ్వరం వస్తే ఎవరూ లాగిన్ కాలేని పరిస్థితి చూశాను.
- నలుగురికి మించి స్పీకర్లు వద్దు. 25 నిమిషాల్లో మైకు చేతులు మారడానికే టైమ్ పోతుంది.
- స్లైడ్లలో సినిమా స్టిల్స్ వద్దు. గూగుల్‌లో దొరికిన బొమ్మలు వద్దు.
- వాడే ఫాంటు లైసెన్స్ చూడండి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సభలో దొంగ కాపీ ఫాంటుతో నిలబడకండి.
- డెమోని ముందే వీడియో తీసి పెట్టుకోండి. హాల్లో నెట్‌ని నమ్మకండి.
- కోడ్ రాసినవాళ్లు వేదిక ఎక్కకపోయినా వాళ్ల పేరు స్లైడ్‌లో ఉండాలి.
- బరువు కోసం పెద్దవాళ్ల పేరు తగిలించకండి. వాళ్లు రాకపోతే రేపు మీ మాట ఎవరూ నమ్మరు.
- "తర్వాత చెబుదాంలే" అని ఎవరి పేరూ పెట్టకండి. చెల్లెలైనా, రూమ్మేటైనా, పదేళ్ల స్నేహితుడైనా సరే. అడగండి.
- ఎవరైనా తప్పుకుంటే నిర్వాహకులకి అదే రోజు రాయండి. ఆ స్లాట్ కోసం వెయిటింగ్‌లో ఇంకొకరు ఉంటారు.
- సబ్మిట్ నొక్కేటప్పుడు అందరూ కాల్‌లో ఉండాలి. స్క్రీన్ షేర్ చేసి పేర్లు పైకి చదవండి. ఒక్కరు నసిగినా ఆ పేరు తీసేసి పంపండి.