పసిపిల్లలతో చిన్న చిన్న సాహసాలు ఎలా చేయాలి?

ఇంట్లో రెండేళ్ల బిడ్డ ఉంటే రోజు ఎలా గడుస్తుందో తెలిసిందే. తినిపించడం, కడగడం, ఉతకడం, నిద్రపుచ్చడం. రాత్రి నడుం వాల్చి "ఇవాళ ఏం చేశాం?" అనుకుంటే ఏమీ గుర్తురాదు. ఎక్కడికైనా వెళ్దామంటే "కాస్త పెద్దవనీలే" అని వాయిదా వేస్తాం. నా మాట వినండి, వాయిదా వేయకండి. ఈ వయసులో వీధి మలుపు కూడా కొత్త లోకమే. వారానికి ఒక్క పూట చాలు.

1. ముందు వేళ, తర్వాత చోటు

మనం చోటు ముందు అనుకుని, బిడ్డ నిద్రను దానికి సర్దాలని చూస్తాం. చాలా ప్రయాణాలు చెడేది అక్కడే. పగటి కునుకులతో కలిపి ఒకటి రెండేళ్ల పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కునుకు తీసి, కడుపు నిండాక దొరికే గంటన్నరలో వెళ్లి రాగలిగిన చోటే ఎంచుకోండి.

2. ఒక్క పని పెట్టుకోండి

"వాననీళ్లు ఎటు పోతున్నాయో చూద్దామా?" "మన నీడ ఎంత పొడుగుందో కొలుద్దామా?" ఇలాంటిదొకటి చాలు. పున్నమి నాడు సూర్యుడు దిగే వేళకే చంద్రుడు పైకొస్తాడు కాబట్టి పిల్లలు పడుకోకముందే చూపించవచ్చు. ఆ మర్నాటి నుంచి రోజూ సగటున ముప్పావుగంటకు పైగా ఆలస్యమవుతూ ఉంటాడు.

3. సంచి తేలిగ్గా ఉండాలి

తాగునీళ్లు, తినడానికేదైనా, ఒక జత బట్టలు, తడిపిన గుడ్డ. ఆరు నెలల లోపు బిడ్డ వెంట ఉంటే నేరుగా ఎండ తగలనివ్వకండి.

4. నడక బిడ్డది, వెనక మనం

ఒక సాయంత్రం పార్కుకని బయల్దేరాం. గేటు దగ్గరే మా పాప గొంతుక్కూర్చుంది. చీమల బారు. ఒక చీమ తనకంటే పెద్దదైన ఈగ రెక్కను లాక్కుపోతోంది. గోడ పగులు దగ్గర రెక్క అడ్డం పడింది. చీమ దాన్ని వదిలి, చుట్టూ తిరిగి, మళ్లీ పట్టింది. "పద, చీకటి పడుతుంది" అనబోయి ఆగిపోయాను. చీమను అలా చూసి నాకు ఎన్నేళ్లయిందో! రెక్క నిలువుగా తిరిగి లోపలికి జారగానే "పోయిందీ!" అని పాప చప్పట్లు కొట్టింది. ఆ రోజు పార్కు దాకా వెళ్లనే లేదు. అయినా ఆ నెలంతటిలో నాకు గుర్తున్నది ఆ సాయంత్రమే.

ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు కదలాలి. తోపుడు బండిలో గంటకు మించి ఒకేసారి కట్టి కూర్చోబెట్టకూడదు. అందుకని దింపండి, నడవనివ్వండి, ఆగనివ్వండి.

5. మొరాయిస్తే వెనక్కి వచ్చేయండి

ఇంత దూరం వచ్చాం కదా అని పంతానికి పోవద్దు. పెద్దవాళ్లు ఇద్దరుంటే వంతులు వేసుకోండి. ఒకరు బిడ్డను చూస్తే, రెండోవాళ్లు కాసేపు ఊరికే చెట్టు కింద కూర్చోవాలి. ఆ ఊపిరి తీసుకునే వ్యవధి లేకపోతే ఇదీ ఇంకో చాకిరీలాగే అనిపిస్తుంది.

6. రాత్రి ఆ కథ మళ్లీ చెప్పుకోండి

పెద్దయ్యాక ఎవరికైనా తొలి జ్ఞాపకం మామూలుగా మూడు, మూడున్నరేళ్ల వయసు నాటిదే. "గుర్తుండనప్పుడు తిప్పడం ఎందుకు?" అని కొందరు అడుగుతారు. జరిగినదాన్ని అమ్మానాన్నలతో కలిసి చెప్పుకున్న కొద్దీ పిల్లలకు గుర్తుపెట్టుకోవడం, వరుసగా చెప్పడం అలవడతాయి. "చీమను చూశాం కదా?" అంటే ఊ కొట్టి ఊరుకుంటారు. "చీమ ఏం మోసుకెళ్లింది? తర్వాత ఏమైంది?" అని అడగండి. తప్పు చెప్పినా దిద్దకుండా వినండి.

ఒక నోటుబుక్కు పెట్టి, తేదీ వేసి, బిడ్డ అన్న మాట అన్నట్టే రాయండి. మా దాంట్లో ఆ రోజు పేజీలో ఒకే ఒక్క వాక్యం ఉంది: "చీమ ఇంటికి తలుపు చిన్నది."