బాలి వెళ్లి చెక్క ముఖం చెక్కడం నేర్చుకోవాలంటే ఎలా?

బాలి ద్వీపంలో చెక్క మాస్కు కొనుక్కోవడానికి పెద్ద కష్టపడక్కర్లేదు. ఏ వీధిలో నిలబడ్డా కోరలు బయటపెట్టి గోడల నిండా వేలాడుతుంటాయి. కానీ ఒక మొద్దులోంచి ముక్కు ఎలా లేస్తుందో, పెదవి ఎక్కడ మలుపు తిరుగుతుందో మన చేత్తో మనం తెలుసుకోవాలంటే మాత్రం కాస్త ముందుచూపు కావాలి. నేను ఏడు రోజులు కూర్చున్నాను. చివరికి చేతికొచ్చింది రంగు వేయని, ముక్కు ఉండాల్సిన దానికన్నా పొట్టిగా ఉన్న ఒక ముసలాయన ముఖం. ఆ ముక్కు కథ తర్వాత చెప్తాను.

ముందు రోజులు లెక్కేసుకోండి

సగం రోజు క్లాసులు చాలా ఉంటాయి. అక్కడ సాధారణంగా ముప్పావు వంతు పని గురువుగారే ముందే చేసి పెడతారు. మనం నాలుగు గీతలు గీకి, శాండ్‌పేపర్ రుద్ది, ఫొటో దిగి వచ్చేస్తాం. పిల్లలతో వెళ్తే అది చాలు. చెయ్యి తిరగాలంటే కనీసం ఐదు రోజులు, వీలైతే వారం పెట్టుకోండి. మొదటి రోజు కత్తి పట్టుకోవడానికే సరిపోతుంది. మూడో రోజుకి వేళ్లు వాచిపోయి, ఇంక వెళ్లిపోదామా అనిపిస్తుంది. నాలుగో రోజు నుంచే అసలు పని.

మన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకి అక్కడ దిగాక ఇచ్చే వీసా 30 రోజులకు, ఫీజు 5,00,000 ఇండోనేషియా రూపాయా. ఒకసారి మరో 30 రోజులు పొడిగించుకోవచ్చు. దీనికి తోడు 2024 ఫిబ్రవరి 14 నుంచి విదేశీ పర్యాటకుల దగ్గర బాలి ప్రభుత్వం 1,50,000 రూపాయా విడిగా తీసుకుంటోంది. సున్నాలు చూసి కంగారు పడకండి, వాళ్ల కరెన్సీయే అంత. బయల్దేరే ముందు ఈ ఫీజులు మారాయేమో ఒకసారి చూసుకోండి. ఈ వీసా మీద అక్కడ డబ్బు సంపాదించే పనులు చేయకూడదు. కాబట్టి చెక్కిన మాస్కు అక్కడే అమ్మేద్దామన్న ఆలోచన వద్దు.

పండగలు చూసుకుని టికెట్ కొనండి

ఇది చాలామంది మర్చిపోతారు. బాలి హిందువులకు 210 రోజుల పంచాంగం ఒకటి ఉంది. గలుంగన్, దాని తర్వాత పది రోజులకు వచ్చే కునింగన్ ఆ లెక్క ప్రకారమే వస్తాయి. ఆ రోజుల్లో ఊరంతా గుళ్లలో, సొంత ఇళ్లలో ఉంటుంది. మీకు నేర్పడానికి ఎవరికీ తీరిక ఉండదు. న్యెపి అయితే ఇంకా గట్టిది. అది శక సంవత్సరాది. ఆ రోజు ఎవరూ బయటికి రాకూడదు, దీపాలు పెద్దగా వెలిగించకూడదు, ఎయిర్‌పోర్టు కూడా 24 గంటలు మూసేస్తారు. శక లెక్క మనదీ అదే కాబట్టి కొన్నేళ్లు మన ఉగాదికి దగ్గర్లోనే పడుతుంది. 2023లో రెండూ మార్చి 22నే వచ్చాయి.

ఒక్క పండగ మాత్రం దొరికితే వదులుకోవద్దు. తుంపెక్ లండెప్. 210 రోజుల లెక్కలో వచ్చే అక్కడి సరస్వతి పూజ అయిన రెండు వారాలకు వస్తుంది. లోహంతో చేసిన ఆయుధాలకు, పనిముట్లకు ఆ రోజు నైవేద్యం పెడతారు. అచ్చం మన ఆయుధపూజే. ఉలులన్నీ వరసగా పేర్చి, పూలు చల్లి ఉంటే చూడటం బావుంటుంది. ఆ రోజు పని మాత్రం ఆశించకండి.

గురువును వెతకడం

ఉబుద్ పట్టణానికి దక్షిణంగా మాస్ అనే ఊరుంది. చెక్కపనికి పేరున్న ఊరు. ఇక్కడి పుర తమన్ పులె గుడి పేరులోనే మాస్కులు చెక్కే పులె చెట్టు ఉంది. బారొంగ్ (ఊరిని కాపాడే మృగదేవత), రంగ్డ (దానికి ఎదురు నిలిచే మంత్రగత్తె) ముఖాలకైతే సింగపడు ఊరు ప్రసిద్ధి. ముందు ఒక పూట మాస్ దగ్గరున్న సెతియ దర్మ మ్యూజియంలో గడపండి. మాస్కులు, తోలుబొమ్మలు వేలల్లో ఉన్నాయి. అవి చూశాక బజారులో వేలాడేవాటికి, నాట్యానికి కట్టుకునేవాటికి తేడా కంటికి తెలిసిపోతుంది.

డ్రైవర్‌ని "మాస్కులు చెక్కే చోటికి తీసుకెళ్లు" అంటే పెద్ద పెద్ద షోరూముల ముందు ఆపే అవకాశమే ఎక్కువ. కమీషన్ ఉంటుంది, అది వాళ్ల బతుకుతెరువు. ఊళ్లోకి వచ్చాక నడిచి వెతకండి. చెక్కమీద కొయ్యసుత్తి దెబ్బలు రోడ్డు మీదికే వినిపిస్తాయి. లోపలికి వెళ్తే నేల మీద తాజా పేళ్లు ఉండాలి, సగం చెక్కిన ముఖాలు ఉండాలి. అన్నీ మెరిసిపోతూ, ఒక్క పేడు కూడా కనపడకపోతే అది దుకాణం. ఇంకో పరీక్ష: "ఈ ముఖాన్ని ఎవరు కట్టుకుంటారు?" అని అడగండి. నర్తకుల కోసం చేసేవాళ్లయితే ఎవరికోసమో, ఏ పాత్రకో చెప్తారు. కొందరు వెంటనే ముఖానికి పెట్టుకుని తల తిప్పి చూపిస్తారు. అలాంటివాళ్లని పట్టుకోండి.

పెద్దవాళ్లని 'పాక్' అంటే మర్యాద. మన వయసుకి కాస్త అటూ ఇటూ ఉంటే 'బ్లి', అంటే అన్న. థాంక్స్‌కి 'సుక్స్మా'. ఎడంచేత్తో డబ్బులివ్వకూడదని మనకి వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు సంగతి మొదటి రోజే తేల్చుకోండి. రోజుకి ఎంత, ఎన్ని గంటలు, చెక్క అందులో కలిసిందా, పనిముట్లు ఇస్తారా, పాడైతే ఇంకో మొద్దు ఇస్తారా. ఈ చివరిది తప్పక అడగండి. నేను అడగలేదు. గీచిగీచి బేరమాడటం మాత్రం వద్దు. మీ పక్కన కూర్చున్నంతసేపూ ఆయన సొంత పని ఆగిపోతుంది.

ఏ ముఖం ఎంచుకోవాలి?

అందరూ మొదట రంగ్డ కావాలంటారు. వేలాడే నాలుక, పొడుచుకొచ్చిన కళ్లు, కోరలు. వద్దు. గుళ్లో ఉండే రంగ్డ, బారొంగ్ ముఖాలు పూజలందుకునేవి. వాటికి చెక్క తీసుకోవడానికి కూడా మంచిరోజు చూసి, చెట్టుకు నైవేద్యం పెట్టి అడుగుతారు. బొమ్మగా అమ్మేవి వేరే ఉన్నాయి. అయినా నేర్చుకోవడానికి వచ్చి మొదటే దాని జోలికి వెళ్లడం ఏం బావుంటుంది? పైగా అంత లోతు పని మొదటి వారంలో మన వల్ల కాదు.

తొపెంగ్ అనే ముసుగు నాట్యంలోని పాత్రల్లోంచి ఎంచుకోండి. రాజు పాత్ర 'దలెం' ముఖం చూడ్డానికి సులువనిపిస్తుంది. నున్నగా, చిన్న నవ్వుతో ఉంటుంది. అదే అన్నింట్లోకీ కష్టం. ఒక చెంప వెంట్రుకవాసి ఎక్కువైనా రాజు వెక్కిరిస్తున్నట్టు కనిపిస్తాడు. ముసలాయన, అంటే 'తొపెంగ్ తువ', నయం. ముడతలు చాలా తప్పుల్ని దాచేస్తాయి. ఇంకా భయమైతే 'బొండ్రెస్', హాస్యగాళ్ల ముఖం. కొన్నింటికి కింది దవడే ఉండదు. పళ్లు వంకర, ముక్కు వంకర. మీరు వంకరగా చెక్కినా పాత్రే అలాంటిదనుకుంటారు.

చెక్క

పులె అంటే మన ఏడాకుల పాల చెట్టే. సప్తపర్ణి అని కూడా అంటాం. రాత్రిళ్లు పూల వాసన ఘాటుగా కొట్టే చెట్టు. ఒకప్పుడు బడిపిల్లల పలకలు దీంతో చేసేవాళ్లు. శాస్త్రీయ నామంలో 'స్కొలారిస్' వచ్చింది అందుకే. చెక్క తెల్లగా, తేలిగ్గా, మెత్తగా ఉంటుంది. గంటలకొద్దీ ముఖానికి కట్టుకుని ఆడేవాళ్లకి ఆ తేలిక కావాలి. గట్టి చేవ ఉండదు కాబట్టి కొత్తవాళ్ల చేతికీ లొంగుతుంది. తడిగా వదిలేస్తే మాత్రం బూజు పట్టి నల్లమచ్చలు పడతాయి, పురుగూ తొందరగా పడుతుంది.

మొద్దుని నిలువునా రెండుగా చీలుస్తారు. బెరడు వైపు గుండ్రటి భాగం ముఖం అవుతుంది, చీలిన వైపు వెనక. మొద్దు నట్టనడుమ ఉండే భాగం ముఖంలోకి రాకూడదు. వస్తే ఎండేటప్పుడు పగులుతుంది.

కూర్చోవడం, పట్టుకోవడం

బల్ల ఉండదు, బిగించే పరికరం ఉండదు. నేల మీద కూర్చుని రెండు పాదాల మధ్య మొద్దుని పట్టుకోవాలి. అదే మీ బిగింపు. బాసింపట్టు వేసి కూర్చునే అలవాటు ఉన్న మనకిది తొందరగానే వస్తుంది. నన్ను ఇబ్బంది పెట్టింది వేరే. కళ్లు, ముక్కు వచ్చాక కాలు పెట్టడానికి మనసొప్పలేదు. కాళ్లు వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుని చెక్కబోయాను. గురువుగారు నవ్వి, మొద్దుని తీసి మళ్లీ నా పాదాల మధ్య ఇరికించారు. ఇంకా పూజ కాలేదు కదా, ఇప్పటికిది చెక్కే అని ఆయన ఉద్దేశం. ఒళ్లో పెట్టుకుని చెక్కితే కత్తి జారి తొడలో దిగుతుందన్నది ఇంకో సంగతి.

ఉలిని అక్కడ 'పహత్' అంటారు. తిన్నటి మొన, గుండ్రటి మొన కలిపి చాలా రకాలుంటాయి. అన్నీ పట్టుకోకండి. మొదటి రెండు రోజులు మూడే వాడండి. రోజూ మొదటి అరగంట సానరాయి మీద గడపండి. పదునుందో లేదో చెక్కే చెప్తుంది: కోసిన చోటు నిగనిగలాడుతుంటే పదునున్నట్టు, పీచుపీచుగా లేస్తే పోయినట్టు. చెయ్యి తెగేది ఎక్కువగా మొండి ఉలితోనే, ఎందుకంటే బలం పెట్టి తోస్తాం. ఎడంచెయ్యి ఎప్పుడూ మొనకి వెనకే ఉండాలి. బయల్దేరే ముందు టీటీ ఇంజెక్షన్ వేయించుకుంటే ఒక టెన్షన్ తగ్గుతుంది.

చెక్కే వరస

1. పెన్సిల్‌తో నుదుటి నుంచి గడ్డం దాకా నడిగీత గీయండి. చెక్కేకొద్దీ అది పోతుంటుంది. పోయినప్పుడల్లా మళ్లీ గీయండి. బద్ధకించారా, సాయంత్రానికి ముఖం ఒక పక్కకి వాలిపోతుంది.

2. కనుబొమ్మలు, ముక్కు కింది అంచు, నోరు ఎక్కడో మూడు అడ్డగీతలు. అన్నింటికన్నా ఎత్తు ముక్కు కొన. దాన్ని ముట్టుకోకుండా చుట్టుపక్కలది దించుకుంటూ రావాలి. పెద్ద పేళ్లు చిన్న గొడ్డలితో గురువుగారే తీస్తారు, అది వాళ్లకే వదిలేయండి.

3. మొదట కళ్లు, పెదాలు చెక్కాలని చెయ్యి లాగుతుంది. ఆపుకోండి. ముందు నుదురు, చెంపలు, గడ్డం పెద్ద పెద్ద తలాలుగా రావాలి. దూరం నుంచి చూస్తే కళ్లు లేకపోయినా అది ముసలివాడో కుర్రవాడో తెలియాలి. దీనికే నాకు రెండు రోజులు పట్టింది. ఈ దశలో గురువుగారు ఎక్కువగా అన్న మాట 'పెలాన్-పెలాన్', మెల్లమెల్లగా అని.

4. చెక్క నార ఎటు పోతోందో చూసి, దాని వెంట కోయండి. నా పొట్టి ముక్కు కథ ఇదే. ముక్కు కింది భాగం కోస్తూ, మొనను కింది నుంచి పైకి తోశాను. నార నిలువుగా ఉంది. టిక్ మని ఒక శబ్దం. ముక్కు కొన ఒక పేడుగా లేచి నేల మీద పడింది. చేయాల్సింది ఏమిటంటే, ముందు ముక్కు కింద అడ్డంగా లోతుగా ఒక గాటు పెట్టి, తర్వాత పెదవి వైపు నుంచి ఆ గాటు దాకా కోసుకురావాలి. నార అక్కడ తెగి ఉంటుంది కాబట్టి పేడు అంతకుమించి లేవదు. గురువుగారు ఏమీ అనలేదు. పెన్సిల్ తీసుకుని ముక్కు కొనని ఒక అర అంగుళం వెనక్కి గీసి, చెంపలు, పెదాలు అన్నీ ఆ మేరకు దించమని సైగ చేశారు. ఆ రోజంతా అదే పని.

5. రెండు పక్కలూ సమానంగా వచ్చాయో లేదో మామూలుగా చూస్తే తెలియదు. ముఖాన్ని తలకిందులు చేసి చూడండి, లేదా అద్దంలో చూడండి. కిటికీ దగ్గర పక్కవెలుతురులో తిప్పితే నీడలు తప్పుని పట్టించేస్తాయి.

6. ముందు వైపు కాస్త రూపం వచ్చాక వెనక గుల్ల చేయాలి. ఒక వేలు లోపల, బొటనవేలు బయట పెట్టి మందం తడుముకుంటూ తీయాలి. ముక్కు, కళ్ల దగ్గర జాగ్రత్త. అటు నుంచి గుంట, ఇటు నుంచి గుంట కలిస్తే చిల్లే. కంటి చీలికలు చివర్న. నాట్యం చేసేవాళ్లు ఆ సన్నటి గీతలోంచే వేదికని చూడాలి. పాత మాస్కులకు లోపల తోలుముక్క ఉంటుంది, దాన్ని పళ్లతో కరిచి పట్టుకుని ఆడతారు. మీది ఒకసారి ముఖానికి పెట్టుకుని చూడండి. ఎక్కడ గుచ్చుకుంటే అక్కడ ఇంకా తీయాలి.

7. చివరి నున్నదనం వంపు కత్తితో తీసుకొస్తారు, తర్వాతే శాండ్‌పేపర్. అప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. మాస్కు కోసం మాస్కు అన్నమాట.

రంగు

పాత పద్ధతిలో ఎముకను కాల్చి, మెత్తగా నూరి, జిగురుతో కలిపి తెల్లరంగు చేస్తారు. పొర మీద పొర, పదుల కొద్దీ పొరలు. ప్రతిదీ ఆరాలి. వారం రోజుల్లో అయ్యే పని కాదు. అక్రిలిక్ వేసి ఒక పూటలో ముగించొచ్చు గానీ, నా మాట వింటే రంగు వేయించకండి. రంగు పడితే మీ ఉలి జాడలు పోతాయి. రేపు మళ్లీ చెక్కడానికి కూర్చున్నప్పుడు మీ తప్పులు మీకు కనపడాలిగా.

తిరుగు ప్రయాణం

ఉలులు కొనుక్కుంటే మొనలకి గుడ్డ చుట్టి, అట్టముక్క పెట్టి చెక్-ఇన్ బ్యాగులో వేయండి. చేతిబ్యాగులో ఉంటే సెక్యూరిటీ దగ్గరే వదిలేసి రావాలి. మాస్కుని బట్టల మధ్య పెట్టండి, ముక్కు మీద బరువు పడకుండా లోపలా బయటా మెత్తటి గుడ్డ కుక్కండి. ప్లాస్టిక్ కవర్లో గట్టిగా కట్టొద్దు, పచ్చి చెక్క చెమటపట్టి బూజు లేస్తుంది. ఇంటికొచ్చాక నెలరోజులు ఎండ తగలని, గాలి ఆడే చోట పెట్టండి. నాది గడ్డం దగ్గర సన్నటి పగులిచ్చింది. చెక్కపొట్టు, జిగురు కలిపి పూడ్చాను. ముసలాయన కదా, ఇంకో ముడతలా కలిసిపోయింది.