పాత మీటర్ గేజ్ స్టేషన్ ఆనవాళ్ళు ఎట్లా పట్టుకోవాలంటే

లండన్‌లో ఆల్డ్‌విచ్ అని ఒక అండర్‌గ్రౌండ్ స్టేషన్ ఉంది, 1907లో తెరిచి 1994లో మూసేశారు, ఇప్పుడు మ్యూజియం వాళ్ళు టికెట్ పెట్టి మరీ లోపల తిప్పి చూపిస్తారు. మనకాడ అట్లాంటి సోకులు లేవు కాబట్టి మనమే తిరగాల. కాట్పాడి నుంచి చిత్తూరు, పాకాల, చంద్రగిరి, తిరుపతి మీదుగా గూడూరు పోయే లైను పందొమ్మిదో శతాబ్దం ఆఖర్లో వేసిన మీటర్ గేజ్ (రెండు పట్టాల మధ్య ఒక మీటరే ఉండే పాత లైను), నడిపింది సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ. తర్వాత బ్రాడ్ గేజ్ (ఇప్పటి వెడల్పు లైను) అయింది. పనికొచ్చింది వాడుకుని పనికిరానిది పక్కన వదిలేయడం రైల్వే అలవాటు, మనం వెతకాల్సింది ఆ వదిలేసిందే.

ముందు మ్యాపు చూసుకోండి, ఊరికే ఎండలో తిరిగితే ఏం కనపడదు. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లలో (నంబర్లేసిన వివరమైన మ్యాపులు) తిరుపతి, చంద్రగిరి 57 ఓ/6 నంబర్ షీట్లో వస్తాయి, పాకాల 57 ఓ/3, చిత్తూరు 57 ఓ/4. అవి దొరక్కపోతే అమెరికన్ ఆర్మీ వేసిన 1:2,50,000 మ్యాపులు టెక్సాస్ యూనివర్సిటీ సైట్లో ఫ్రీగా ఉన్నాయి. వాటిని ఇప్పటి శాటిలైట్ ఫోటో పక్కన పెట్టుకుని రైలు కట్ట ఎక్కడ వంపు మారిందో చూడండి, స్టేషన్ బయటి కొసల దగ్గర ఇంకా జాగ్రత్తగా చూడండి.

స్పాట్‌కి పోయినాక మొదట చూడాల్సింది ప్లాట్‌ఫారం ఎత్తు. ఇప్పటి హై లెవెల్ ప్లాట్‌ఫారం రైలు పట్టా మీది నుంచి 76 నుంచి 84 సెంటీమీటర్లు ఉంటది, మీటర్ గేజ్ ది అందులో సుమారు సగమో, ఇంకా తక్కువో. పాత బిల్డింగ్ అట్లే ఉంచి ప్లాట్‌ఫారం మాత్రం లేపిన చోట లోపలికి పోవాలంటే మెట్లు దిగాల్సొస్తది, కిటికీలు మోకాళ్ళ దగ్గరికి వచ్చేసినట్టు ఉంటాయి. అది కనిపిస్తే ఆ బిల్డింగ్ పాతదని దాదాపు ఖాయం.

తర్వాత ఇనుము. నాకైతే అసలు మజా ఇక్కడే. పాత షెడ్డు స్తంభాలు, కంచె పోల్స్ చాలా వరకు ముక్కలు చేసిన పట్టాలే. పట్టా పక్కన సన్నటి నిలువు భాగం మీద ఉబ్బెత్తు అక్షరాలు ఉంటాయి, తుప్పులో కనపడవు, కొంచెం ముగ్గుపిండి చేత్తో రుద్ది ఫోన్ టార్చ్ పక్కనుంచి కొట్టండి, ఎదురుగా కాదు. మన దేశంలో చేసిన పట్టా అయితే కంపెనీ పేరు, తూకం, నెల రోమన్ అంకెల్లో, పక్కనే సంవత్సరం వస్తాయి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, స్తంభం మీద 1912 కనపడగానే స్టేషన్ 1912లో కట్టారని రాసేస్తారు. అది పట్టా పుట్టిన ఏడు. మెయిన్ లైన్లో అరిగి, సైడింగ్‌లో (బండ్లు పక్కన నిలిపే లైను) కొన్నేళ్ళు పడుండి, ఆఖరికి స్తంభం అయ్యుంటది. ఆ స్తంభం అంతకంటే ముందు పాతింది కాదు, అంతవరకే చెప్పగలం.

పట్టాలు పీకేసిన చోట స్లీపర్ చెక్కల (పట్టాల కింద అడ్డంగా పరిచే దూలాలు) కోసం చూడండి, మీటర్ గేజ్ ది సుమారు 6 అడుగులు, బ్రాడ్ గేజ్ ది 9. చుట్టుపక్కల ఇళ్ళ ముందర బెంచీగానో గేటు దూలంగానో దొరకొచ్చు.

కాగితాల సంగతి తొందరగా చెప్తా. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో, అంతకు ముందువి నార్త్ ఆర్కాట్ కింద వెతకాల. 1953 దాకా మనం మద్రాసులోనే ఉన్నాం కాబట్టి చెన్నై ఎగ్మోర్‌లోని ఆర్కైవ్స్‌కి (పాత సర్కారు రికార్డుల ఆఫీసు) పోవాల్సిందే. ఆ తర్వాతవి కావాలంటే గుంతకల్ డివిజన్‌కి 10 రూపాయల ఫీజుతో ఆర్టీఐ పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాల. "చరిత్ర ఇవ్వండి" అంటే ఏమీ రాదు, ఫలానా స్టేషన్ పాత యార్డ్ ప్లాన్ కాపీ అని అడగండి. రిటైరైన గ్యాంగ్‌మ్యాన్లతో కూడా అంతే, "ఏం పెద్దాయనా, ఇంజిన్‌కి నీళ్ళు యాడ పట్టేవాళ్ళు, టోకెన్ ఎవరు అందించేవాళ్ళు" (టోకెన్ అంటే ముందుకు పోవచ్చని డ్రైవర్‌కి ఇచ్చే బిళ్ళ) అని అడిగితే ఆయనే లేచొచ్చి చూపిస్తాడు.

స్టేషన్ మాస్టర్‌కి చెప్పకుండా పట్టాల మీదకి పోవద్దు, రైల్వే చట్టం సెక్షన్ 147 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా ఫైన్. తుప్పు పట్టిన మేకు కదా అని జేబులో వేసుకున్నా రైల్వే ఆస్తే, దానికి 1966 చట్టం వేరే ఉంది, ఫోటో తీసుకుని ఆడనే పెట్టేసి రండి.