పాత డిజైనర్ జీన్స్ ఏ కాలానివో తేలనప్పుడు: లేబుళ్లను చదివే పద్ధతి

గ్లోరియా వాండర్‌బిల్ట్, కాల్విన్ క్లైన్, జోర్డాష్ వంటి పేర్లు 1970ల రెండో సగంలో అమెరికాలో జీన్స్ వెనుక జేబుల మీదికి ఎక్కాయి. వాటిలో గ్లోరియా వాండర్‌బిల్ట్ జీన్స్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది భారతీయ మూలాలున్న ముర్జానీ కుటుంబపు సంస్థ. ఆ కాలపు ప్యాంట్లు నేటికీ అక్కడి థ్రిఫ్ట్ దుకాణాల్లో (వాడిన వస్తువులు అమ్మే చోట్ల) దొరుకుతాయి. అయితే అమ్మేవారు చెప్పే కాలానికీ, బట్ట మీద కనిపించే గుర్తులకూ తరచుగా పొంతన కుదరదు. ఏ గుర్తయినా ‘ఇంతకు ముందుది కాదు’ అనో, ‘దీని తర్వాతది కాకపోవచ్చు’ అనో ఒక హద్దును మాత్రమే చూపుతుందని ముందుగా గ్రహిస్తే చాలా చిక్కులు తొలగిపోతాయి.

సమస్య: ఆర్‌ఎన్ నంబరు ఒక ఏడాదిని చూపుతోంది, ప్యాంటు తీరు మరో కాలానిదిగా ఉంది

అన్నిటికంటే ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ఆర్‌ఎన్ అంటే లేబుల్ మీద ముద్రించే నమోదు గుర్తింపు నంబరు. దీన్ని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తయారీదారుకో, దిగుమతిదారుకో, అమ్మకందారుకో కేటాయిస్తుంది తప్ప ఒక్కొక్క వస్త్రానికి కాదు. సేకర్తలు వాడే లెక్క ప్రకారం నంబరులో నుంచి 13,670 తీసివేసి, మిగిలినదాన్ని 2,635తో భాగించి, వచ్చినదాన్ని 1959కి కలిపితే ఆ సంస్థ నమోదైన ఏడాది ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఉదాహరణకు 50,000 అనే నంబరు 1972 చివరి ప్రాంతానికి చేరుతుంది. అదే సంస్థ అదే నంబరుతో ఇరవై, ముప్పై ఏళ్ల తర్వాత కూడా బట్టలు కుట్టి ఉండవచ్చు.

కాబట్టి ఈ లెక్కను కింది హద్దుగా, అంటే ‘ఇంతకు ముందుది కాదు’ అనే సూచనగా మాత్రమే తీసుకోవాలి. కమిషన్ వెబ్‌సైట్‌లో నంబరును వెతికినప్పుడు బ్రాండు పేరుకు బదులు వేరే సంస్థ పేరు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. 1970ల చివరలో కాల్విన్ క్లైన్ జీన్స్‌ను లైసెన్సు మీద తయారుచేసింది ప్యూరిటన్ ఫ్యాషన్స్ అనే సంస్థ. ఇటువంటి లైసెన్సు సంస్థ పేరు దొరికితే కాలం గురించి నంబరు కంటే మెరుగైన ఆధారం దొరికినట్టే.

సమస్య: ఉతికే సూచనల లేబుల్ లేదు, అందువల్ల 1972కు ముందుదని చెబుతున్నారు

అమెరికాలో ఈ లేబుల్‌ను తప్పనిసరి చేసిన నిబంధన 1972 జూలైలో అమలులోకి వచ్చిన మాట నిజమే. కానీ ఒంటికి గుచ్చుకుంటుందని లేబుల్‌ను కత్తిరించేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ప్యాంటును తిరగేసి, నడుము పట్టీ లోపలా పక్క కుట్టు వెంబడీ తెగిన దారపు ముక్కలు, సూది రంధ్రాలు, రంగు వెలవని చిన్న చదరం ఉన్నాయేమో చూడాలి. పైగా డిజైనర్ పేరున్న జీన్స్ విషయంలో ఈ వాదన మొదటికే నిలవదు, ఎందుకంటే ఆ పేర్లు జీన్స్ మీదికి వచ్చిందే 1972 తర్వాత. అమెరికా మార్కెట్ కోసం కుట్టిన ప్యాంటు మీద మాటలు లేకుండా బొమ్మ గుర్తులే ఉంటే, అది 1997 జూలై తర్వాతదని భావించవచ్చు.

సమస్య: హంస గుర్తు ఉంది, కానీ బట్ట 1970ల నాటిదిగా అనిపించడం లేదు

హంస గ్లోరియా వాండర్‌బిల్ట్ బ్రాండు గుర్తు. వెనుక జేబు మీద ఆమె సంతకం, ముందు చిన్న జేబు మీద హంస ఉన్నంత మాత్రాన అది తొలి కాలపు ప్యాంటు కాదు. ఆ బ్రాండు ఆగిపోలేదు. 2002లో జోన్స్ అపారెల్ గ్రూపు చేతికి వెళ్లి, ఆ తర్వాత కూడా కొనసాగింది. తొలినాటి డిజైనర్ జీన్స్ సాధారణంగా ముదురు నీలం రంగులో, ఎత్తయిన నడుముతో, ఒంటికి అతుక్కునేలా ఉండేవి. కుట్టు దగ్గర, మోకాళ్ల దగ్గర ఫ్యాక్టరీలోనే వెలిసేలా చేసిన స్టోన్‌వాష్ కనిపిస్తే 1980ల వైపు, మచ్చలు మచ్చలుగా తెల్లబారిన యాసిడ్‌వాష్ కనిపిస్తే ఆ దశాబ్దపు రెండో సగం వైపు చూడాలి. ఎత్తు నడుము ఫ్యాషన్ మళ్లీ మళ్లీ వచ్చింది కనుక ఆకారం ఒక్కటే సాక్ష్యం కాలేదు.

సమస్య: ఏ దేశంలో తయారైందో రాసి లేదు

అమెరికాలోనే తయారైన బట్టల మీద ఆ సంగతి ముద్రించడం 1984 డిసెంబరు నుంచి తప్పనిసరి అయింది. లేబుళ్లన్నీ చెక్కుచెదరకుండా ఉండి, దేశం పేరు మాత్రమే లేకపోతే, ఆ తేదీకి ముందుదయ్యే అవకాశం ఎక్కువ. అమెరికాలో ఆడవారి దుస్తులు కుట్టే కార్మికుల సంఘమైన ఐఎల్‌జీడబ్ల్యూయూ లేబుల్ కూడా ఉంటే పని మరింత సులువవుతుంది. ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఉన్న ఆ లేబుల్ 1974 నుంచి 1995 వరకు వాడుకలో ఉంది. హాంకాంగ్‌లో కుట్టిన ప్యాంట్ల మీద దాని కోసం వెతకడం వృథా.

సమస్య: గుర్తులు ఒకదానితో ఒకటి పొసగడం లేదు

జిప్పు, గుండీలు తర్వాత మార్చినవి కావచ్చు. మార్చిన చోట దారం రంగూ కుట్టు సాంద్రతా మిగతా ప్యాంటుతో కలవవు. అటువంటి వాటిని పక్కన పెట్టి, మిగిలిన అసలు గుర్తుల్లో అన్నిటికంటే కొత్తదాన్ని కింది హద్దుగా పట్టుకోవాలి. అమ్మకానికి పెట్టేటప్పుడు ఒకే ఏడాది రాయకుండా ‘1978–1984 మధ్య’ అన్నట్టుగా వ్యవధిని రాసి, లేబుళ్ల లోపలి వైపు ఫోటోలను కూడా జతచేయడం కొనేవారికి న్యాయం.