పెద్ద అక్వేరియానికి ఇంట్లోనే సంప్ - రెండో పాఠం: పంపు ఆగితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి?

మొదటి పాఠంలో ట్యాంకు ఎక్కడ పెట్టాలో, స్టాండు ఎంత బరువు మోయాలో తేల్చుకున్నాం. ఈ పాఠాలన్నిటికీ మనం తీసుకున్న ఉదాహరణ 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న ట్యాంకు. 12 ఎం.ఎం. గాజు, 30 అంగుళాల స్టాండు. అందులో పెంచబోయేవి ఆస్కార్ చేపలు. అవి అడుగు దాకా పెరుగుతాయి, బాగా తింటాయి, తిన్నదానికి తగ్గట్టే నీళ్లు పాడుచేస్తాయి. అందుకే చిన్న ఫిల్టర్లు వదిలేసి సంప్, అంటే ట్యాంకు కింద స్టాండులో పెట్టే గాజు ఫిల్టర్ తొట్టి, కట్టుకుందామనుకున్నాం.

ఈ పాఠానికి గాజు అక్కర్లేదు, సిలికాన్ అక్కర్లేదు. టేపు, కాగితం, పెన్సిలు చాలు. ఇంకా ఏమీ కొనకండి.

సంప్ పనిచేసే తీరు మన ఇళ్లలో ఉన్నదే. కింద సంపు, డాబా మీద ట్యాంకు, మధ్యలో మోటారు. తేడా ఒక్కటే: ఇక్కడ మోటారు రోజంతా నడుస్తుంది, పైకెక్కిన నీళ్లు ఓవర్‌ఫ్లో బాక్సులోంచి వాటంతటవే కిందికి దిగుతాయి. ఆ బాక్సు అంటే ట్యాంకు పై అంచు దగ్గర ఉండే చిన్న పెట్టె, దాని అంచున దువ్వెన పళ్లలాంటి సందుల్లోంచి నీళ్లు లోపలికి పడతాయి. దిగే దారిలో మురికి వడకట్టుకుంటాయి, మీడియాలోని (బ్యాక్టీరియా పెరగడానికి వేసే రింగులు, బంతుల్లాంటివి) బ్యాక్టీరియా చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాను మారుస్తుంది, శుభ్రమైన నీళ్లు మళ్లీ పైకి వెళ్తాయి.

చాలామంది సంప్ ప్లాను మీడియాతో మొదలుపెడతారు. సిరామిక్ రింగులా, బయోబాల్సా, ఎన్ని కిలోలు అని. నేను అలా చేయవద్దనే చెబుతాను. మీడియా ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అతికించేసిన గాజు పలక ఎత్తు మార్చలేం. ఆ ఎత్తును నిర్ణయించేది పంపు నడిచేటప్పటి నీటిమట్టం కాదు, పంపు ఆగినప్పటి నీటిమట్టం. మే నెలలో రోజుకు ఎన్నిసార్లు కరెంటు పోతుందో మీకు తెలుసు. పోయిన ప్రతిసారీ పైనుంచి కొన్ని నీళ్లు కిందికి దిగుతాయి. మీరు ఇంట్లో లేకపోయినా, అర్ధరాత్రయినా, ఆ నీళ్లు సంప్‌లోనే ఆగాలి.

ముందు రెండు సంఖ్యలు కట్టుకుందాం. ఒక లీటరు అంటే దాదాపు 61 ఘనపు అంగుళాలు. ఇది గుర్తుంచుకుంటే చాలు.

ట్యాంకు బయటి కొలత 60 × 24 అంగుళాలు. 12 ఎం.ఎం. గాజు రెండు వైపులా కలిపి అంగుళం దాకా తినేస్తుంది. లోపలి కొలత 59 × 23, అంటే 1357 చదరపు అంగుళాలు. దాన్ని 61తో భాగిస్తే 22. ట్యాంకులో నీళ్లు ఒక్క అంగుళం తగ్గితే 22 లీటర్లు కిందికి వచ్చాయన్నమాట.

సంప్ మనం 36 × 16 అంగుళాలు, 16 అంగుళాల ఎత్తు అనుకుందాం. 6 ఎం.ఎం. గాజు తీసేస్తే లోపల సుమారు 35.5 × 15.5. అంటే 550 చదరపు అంగుళాలు, అంగుళానికి 9 లీటర్లు. పైన ఒక అంగుళం తగ్గితే కింద దాదాపు రెండున్నర అంగుళాలు పెరుగుతుంది. మొత్తం ఇబ్బంది ఇక్కడే ఉంది.

ఇప్పుడు పంపు ఆగిందనుకోండి. ఓవర్‌ఫ్లో బాక్సు పళ్ల అడుగు మట్టం కంటే ఎంత ఎత్తున నీళ్లు నడుస్తున్నాయో, అవన్నీ దిగిపోతాయి. దీనికి ఒక అంగుళం వేసుకోండి, 22 లీటర్లు. బాక్సు లోపల నిలిచిన నీళ్లలో కొంత దిగుతుంది. 8 × 6 అంగుళాల బాక్సులో 6 అంగుళాల మేర దిగితే దాదాపు 5 లీటర్లు. పైపుల్లో ఉన్నవి రెండు మూడు లీటర్లు. మొత్తం 30 లీటర్లు అనుకుందాం.

సంప్‌లో వీటికి చోటుందా? మన ప్లానులో మొదటి 26 అంగుళాల పొడవులో నీళ్లు 10 అంగుళాల ఎత్తున నిలుస్తాయి, ఎందుకంటే అక్కడి బాఫిల్ ఎత్తు అంత. బాఫిల్ అంటే గదుల మధ్య నిలబెట్టే గాజు పలక. చివరి 9.5 అంగుళాలు పంపు గది, అక్కడ మట్టం 8 అంగుళాలు. పైన అంచుకు ముందు కొంత వదిలేసి 15 అంగుళాల దాకానే లెక్కేస్తే, మొదటి భాగంలో 33 లీటర్లు, పంపు గదిలో 17 లీటర్లు, మొత్తం 50 లీటర్ల ఖాళీ ఉంది. 30 దిగినా ఇంకా 20 మిగులు. బాగుంది.

కానీ ఈ లెక్కలో ఒక దొంగ దారి ఉంది. అదే రిటర్న్ పైపు. పంపు నడిచేటప్పుడు నీళ్లు పైకి తీసుకెళ్లేది అదే, పంపు ఆగగానే అదే పైపు సైఫన్‌గా మారి నీళ్లను వెనక్కి లాగుతుంది. పైపు మూతి గాలిలోకి తేలేదాకా ఆగదు. చాలా ట్యాంకుల్లో మూతిని అందం కోసం లోతుగా పెడతారు. ఓవర్‌ఫ్లో పళ్ల అడుగు కంటే 2 అంగుళాలు కిందికి పెట్టారనుకోండి, ఇంకో 44 లీటర్లు దిగుతాయి. 30 ప్లస్ 44, మొత్తం 74. ఖాళీ 50. మిగతా 24 లీటర్లలో చాలామటుకు మీ హాల్లో నేల మీదే ఉంటాయి, స్టాండు కింద పెట్టిన స్విచ్‌బోర్డు దాకా పోతాయి.

దీనికి మందు చాలా చవక. రిటర్న్ మూతిని నీటి పైమట్టానికి దగ్గరగానే పెట్టండి. దానికి తోడు, నీళ్ల పైమట్టానికి అర అంగుళం కింద పైపుకు 4 లేదా 5 ఎం.ఎం. రంధ్రం వేయండి. పంపు నడుస్తున్నంతసేపు ఆ రంధ్రంలోంచి చిన్న ధార ట్యాంకులోనే పడుతుంది, నష్టం లేదు. పంపు ఆగి మట్టం అర అంగుళం తగ్గగానే అందులోంచి గాలి లోపలికి దూరి సైఫన్ తెగిపోతుంది. ఆ రంధ్రంలో పాచి పేరుకుంటుంది, చిన్న నత్తలు ఇరుక్కుంటాయి. కాబట్టి నీళ్లు మార్చే రోజు అగ్గిపుల్లతో ఒకసారి పొడిచి చూడడం అలవాటు చేసుకోండి.

బోరు మోటారుకు పెట్టినట్టు, నీళ్లను వెనక్కి రానివ్వని వాల్వు అయిన ఎన్‌ఆర్‌వీ పెడితే సరిపోదా అని ప్లంబర్ అంటాడు. సరిపోదు. దాని లోపలి మూత మీద పాచి, ఇసుక రేణువు, చేప పొలుసు ఏది పడినా పూర్తిగా మూసుకోదు. సన్నగా కారుతూనే ఉంటుంది, సన్నగా కారినా గంటలో నేల తడుస్తుంది. ఎన్‌ఆర్‌వీ పెట్టుకోవాలనుకుంటే పెట్టుకోండి, లెక్కలో మాత్రం అది లేదనే అనుకోండి. సంప్‌లో చోటు ఉండి తీరాలి.

కరెంటు పోవడం సగమే. తిరిగి వచ్చినప్పుడు ఏమవుతుందో కూడా ఈ ప్లానులోనే చూసుకోవాలి. ట్యాంకుకు రంధ్రం వేయడం ఇష్టం లేనివాళ్లు అంచు మీద వేలాడదీసే ఓవర్‌ఫ్లో బాక్సు వాడతారు. అది ఒక యు ఆకారపు గొట్టంలో నిలిచిన సైఫన్ మీద ఆధారపడుతుంది. ఆ గొట్టంలో గాలి చేరితే సైఫన్ తెగుతుంది. అప్పుడు కరెంటు రాగానే పంపు నీళ్లు పైకి తోస్తూనే ఉంటుంది, కిందికి దిగే దారి ఉండదు. మాటిమాటికీ కరెంటు పోయి వచ్చే మన ఊళ్లలో ఆ పద్ధతిని నేను ఎవరికీ చెప్పను. ట్యాంకుకు రంధ్రం వేయించండి.

రంధ్రం సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. టఫెన్డ్ గ్లాసుకు రంధ్రం వేయలేం, వేయబోతే మొత్తం పలక ముక్కలైపోతుంది. కాబట్టి రంధ్రం వేసే పలక మామూలు ఫ్లోట్ గ్లాసే అని షాపులో ముందే ఖాయం చేసుకోండి. ట్యాంకు అతికించకముందే, పలక బల్ల మీద పడుకోబెట్టి ఉన్నప్పుడే వేయించండి. డాబా ట్యాంకులకు వాడే ట్యాంక్ నిపుల్సే ఇక్కడా పనికొస్తాయి. అయితే ఒకే సైజు నిపుల్ కూడా కంపెనీని బట్టి బయటి మందం మారుతుంది. అందుకే నిపుల్ ముందు కొని, చేత్తో పట్టుకెళ్లి గ్లాసు షాపువాడికి ఇవ్వండి. నోటిమాటగా అంగుళంపావు రంధ్రం అంటే నిపుల్ దూరదు, ఎందుకంటే ఆ అంగుళంపావు లోపలి పైపుది.

రంధ్రాలు ఎన్ని? నీళ్లు కిందికి దిగే డ్రెయిన్‌కు రెండు, రిటర్న్ పైపును అంచు మీదుగా తెచ్చుకోవచ్చు. ఈ ఏర్పాటును హాబీలో హెర్బీ పద్ధతి అంటారు. మొదటి పైపు మూతి బాక్సు లోపల ఎప్పుడూ మునిగి ఉంటుంది, దానికి కింద ఒక వాల్వు. వాల్వు కొంచెం కొంచెం తిప్పుతూ పైపు నిండా నీళ్లే దిగేలా చేస్తే గలగల చప్పుడు ఆగిపోతుంది. పడగ్గది పక్కన ట్యాంకు ఉన్నవాళ్లకు ఇది పెద్ద సుఖం. రెండో పైపు ఎత్తుగా, పొడిగా నిలబడి ఉంటుంది. మొదటిదాంట్లో ఆకో, నత్తో అడ్డుపడితే నీళ్లు పెరిగి రెండోదాంట్లోంచి దిగుతాయి. చప్పుడు చేస్తాయి, ఆ చప్పుడే మీకు కబురు. ఈ రెండో పైపుకు వాల్వు పెట్టకూడదు. సైజు మొదటిదాని కంటే తగ్గకూడదు. కరెంటు తిరిగి వచ్చాక మొదటి రెండు నిమిషాలు ఈ రెండో పైపు కొంచెం మోగుతుంది, తర్వాత మొదటిది గాలి బయటికి తోసేసి పని అందుకుంటుంది. ఎవరూ చెయ్యి పెట్టక్కర్లేదు.

ఇక రెండో లెక్క. రెండు పైపులూ మూసుకుపోతే? అరుదే, కానీ లెక్క వేయకుండా వదలకూడదు. అప్పుడు పంపు తన గదిలో ఉన్న నీళ్లన్నీ పైకి తోస్తుంది. మన పంపు గది 9.5 × 15.5, అంటే 147 చదరపు అంగుళాలు. 8 అంగుళాల నీళ్లలో పంపు లాగగలిగింది 6 అంగుళాలు. దాదాపు 14 లీటర్లు. ట్యాంకులో అది ముప్పాతిక అంగుళంలోపే పెరుగుతుంది. కాబట్టి పంపు నడిచేటప్పుడు నీటిమట్టం ట్యాంకు అంచుకు అంగుళంన్నర కింద ఉండేలా చూసుకుంటే ఇల్లు పొడిగా ఉంటుంది. పంపు గది పెద్దగా ఉంటే మంచిదని కొందరు అంటారు. ఈ లెక్క చూశాక వద్దనే అనిపిస్తుంది.

చిన్న గదికి ఒక ఇబ్బంది ఉందని ఒప్పుకోవాలి. ఆవిరైన నీళ్లు ట్యాంకులో తగ్గినట్టు కనబడవు, మీడియా గదుల్లోనూ కనబడవు, అక్కడి మట్టాలను ఓవర్‌ఫ్లో పళ్లు, బాఫిళ్లు పట్టి ఉంచుతాయి. తగ్గుదలంతా పంపు గదిలోనే కనిపిస్తుంది. పై ట్యాంకులో పావు అంగుళానికి సరిపడా నీళ్లు ఆవిరైతే అవి ఐదున్నర లీటర్లు, పంపు గదిలో రెండు అంగుళాలకు పైనే పడిపోతుంది. ఎండాకాలం ఫ్యాను కింద ఉన్న ట్యాంకుకు రోజూ నీళ్లు కలపాల్సి వస్తుంది. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ తీసేశాకే కలపండి. వారం రోజులు ఊరెళ్లే అలవాటున్నవాళ్లు ఫ్లోట్ వాల్వుతో పక్కన చిన్న డబ్బా పెట్టుకోవచ్చు. ఆ డబ్బా సైజును కూడా ఖాళీ లెక్కలో కలపండి, ఫ్లోట్ ఇరుక్కుంటే అందులోవన్నీ సంప్‌లోకే వస్తాయి.

పంపు ఎంత పెద్దది అన్నదానికి త్వరగా సమాధానం చెబుతాను. ట్యాంకులో నీళ్లు 22 అంగుళాల ఎత్తున ఉంటే సుమారు 490 లీటర్లు. గంటకు ఐదుసార్లు తిరగాలంటే 2500 లీటర్లు నిజంగా పైకి చేరాలి. లేబుల్ మీద రాసే అంకె సున్నా ఎత్తుకు. మన సంప్ నీటిమట్టం నుంచి ట్యాంకు నీటిమట్టం దాకా మూడున్నర అడుగులు ఎక్కాలి, ఎల్బోలు అదనం. లేబుల్ మీద 4000 నుంచి 4500 ఉన్న పంపు చూడండి. పెట్టె మీద ఎత్తుకూ ప్రవాహానికీ గ్రాఫు ఉంటే అదే నమ్మండి. వాట్లు కూడా చూడండి: 40 వాట్ల పంపు రోజంతా నడిస్తే నెలకు 29 యూనిట్లు.

వైర్ల గురించి ఒక్క మాట, ఇది మాత్రం పట్టుబట్టి చెబుతున్నాను. ప్లగ్ పాయింటు సంప్ అంచు కంటే ఎత్తులో, పక్కగా ఉండాలి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి ఒకసారి వేలాడి మళ్లీ పైకి రావాలి, అప్పుడు వైరు వెంట జారిన చుక్క ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది. ఆ లైనుకు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్ అయిన ఆర్‌సీసీబీ పెట్టించండి. నీళ్లలో చెయ్యి పెట్టే పని ఇది.

స్టాండు తయారవుతుంటే వెల్డింగ్ షాపుకు ఒకసారి వెళ్లి రండి. ముందు వైపు మధ్యలో కాలు వేశారంటే 3 అడుగుల సంప్ లోపలికి పోదు. సంప్ పై అంచుకూ స్టాండు పై ఫ్రేముకూ మధ్య కనీసం 9, 10 అంగుళాలు ఉండాలి. లేకపోతే మురికి నిండిన ఫిల్టర్ సాక్ (నీళ్లు వడకట్టే గుడ్డ సంచి) బయటికి తీయలేరు.

ఇప్పుడు మీ పని. మీ ట్యాంకు లోపలి పొడవు, వెడల్పు కొలిచి అంగుళానికి ఎన్ని లీటర్లో రాయండి. స్టాండు లోపల పట్టే సంప్‌కూ అదే చేయండి. దిగే నీళ్లు ఎన్ని, ఖాళీ ఎంత, రెండూ పక్కపక్కన రాయండి. ఖాళీ కనీసం పది లీటర్లయినా ఎక్కువ రావాలి. రాకపోతే బాఫిల్ ఎత్తు ఒక అంగుళం తగ్గించి మళ్లీ లెక్కేయండి. అప్పటికీ రాకపోతే సంప్ ఎత్తు 18 అంగుళాలకు పెంచండి, స్టాండులో చెయ్యి పట్టే చోటు తగ్గకుండా.

మూడో పాఠంలో గాజు పలకల కొలతల చీటీ రాస్తాం, బుడగలు ఆపే మూడు పలకల మధ్య సందు ఎంతో, ఏ సిలికాన్ కొనాలో చూస్తాం. ఈ కాగితం దగ్గర పెట్టుకోండి, పలకల ఎత్తులన్నీ దీన్ని బట్టే వస్తాయి.